నాలుగో భాగం జరగలేదు

నూకరత్నం సంచీ సర్దడం మొదలుపెట్టి అది మూడో రోజు. వెళ్ళేది బెజవాడ. పొద్దున్నే సామర్లకోటలో రైలెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి దిగొచ్చు, పనయితే మర్నాటికి ఇంట్లో ఉండొచ్చు. అయినా సంచీలోకి మూడు చీరలు చేరాయి. జ్వరం మాత్రలు, దగ్గు మాత్రలు, జ్వరమూ దగ్గూ కలిసి వస్తే వేసుకోవలసిన మాత్రలు చేరాయి. టార్చిలైటు పెట్టాక, అది వెలగకపోతే ఎలాగని అగ్గిపెట్టె పెట్టింది. తన పేరూ ఊరూ రాసిన చీటీ ఒకటి పైటకి పిన్నుతో గుచ్చుకుని, అది ఊడిపోతుందేమోనని ఇంకో చీటీ సంచీ అడుగున దాచింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి తప్పిపోతే రైల్వే వాళ్ళు మైకులో చెబుతారో చెప్పరో ఆవిడకి తెలీదు.

ఆఖర్న స్టీలు గ్లాసు పెట్టింది. ఆ ఇంట్లో గ్లాసులు జతలుగానే ఉంటాయి. ఎవరు ఊరెళ్ళినా జతలో ఒకటి సంచీలో పెట్టి, రెండోది గూట్లో బోర్లించడం వాళ్ళమ్మ నాటి అలవాటు. జత ఇంట్లో ఉన్న వస్తువు దారి తప్పదని వాళ్ళమ్మ నమ్మకం. అలా వెళ్ళిన గ్లాసులన్నీ తిరిగొచ్చాయి, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి నూకరత్నం ఎంత చెప్పినా వినకుండా, వెళ్ళే పిల్ల రెండు గ్లాసులూ సంచీలో పడేసుకుంది. "నువ్వొచ్చినప్పుడు నీకో గ్లాసు ఉండొద్దా అక్కా" అంది.

"రత్నం గారూ, బెజవాడకా, కాశీకా?" అన్నాడు కామరాజు గుమ్మంలోంచి. విజయదుర్గా టాకీసులో ముప్ఫై నాలుగేళ్ళు ప్రొజెక్టరు ఆపరేటరుగా చేసిన మనిషి. నూకరత్నం అదే హాల్లో ఆడవాళ్ళ బుకింగులో టిక్కెట్లు చింపేది. హాలు ఇప్పుడు కల్యాణమండపం.

"కాశీకైతే ఇంత సామానెందుకండి. అక్కడ ఏదో ఒకటి వదిలేయడానికే కదా వెళ్తారు" అంది నూకరత్నం, జిప్పు వేసి, మళ్ళీ తీసి, అగ్గిపెట్టె ఉందో లేదో చూసి.

ఆవిడ ప్రయాణానికి కారణం ఒక సినిమా. సరిగ్గా చెప్పాలంటే ఒక సినిమాకున్న పదమూడు భాగాల్లో నాలుగోది.

సినిమా పేరు కత్తిపీట. అందులో ఒకాయన గంజి వార్చే చిల్లుల సిబ్బి ముఖానికి కట్టుకుని, చంకలో కత్తిపీటతో ఊళ్ళ మీద తిరుగుతూ మనుషుల్ని చంపుతుంటాడు. అభిమానులు ఆయన్ని గౌరవంగా పీటలాయన అంటారు. ఆయన ఎప్పుడూ పరుగెత్తడు. నెమ్మదిగా నడిచొచ్చి, పీట వేసుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. కత్తిపీట దగ్గరికి వంకాయ రావాలి గాని వంకాయ దగ్గరికి కత్తిపీట పోదు కాబట్టి చచ్చేవాళ్ళే ఆయన దగ్గరికి రావాలి. వస్తారు. ఎందుకొస్తారన్నదాని మీద నలభై ఏళ్ళుగా అభిమానుల్లో ఎడతెగని చర్చ. ఒక్క సూత్రం మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఏ భాగంలోనైనా సరే, "ఇప్పుడే వస్తాను" అని లేచినవాళ్ళు మళ్ళీ రారు.

చిక్కు పదో భాగంతో వచ్చింది. దాన్ని తీసినాయన నాలుగు, అయిదు, ఆరు భాగాల్లోని సంగతులు అసలు జరగలేదన్నాడు. పన్నెండో భాగం తీసినాయన అవి జరిగాయని, పదోదే కల అని అన్నాడు. పదమూడో ఆయన ఇద్దరికీ నమస్కారం పెట్టి, మొదటి భాగం తర్వాత ఏదీ జరగలేదన్నాడు. అభిమానులు ఊరుకుంటారా? మూడో భాగం వాళ్ళూ ఏడో భాగం వాళ్ళూ ఒక కాలేజీ గ్రౌండులో సిబ్బులతో కొట్టుకున్నారు. ఒకడి నుదుటి మీద పదిహేడు చిల్లుల అచ్చు పడింది.

దాంతో ప్రభుత్వం మేల్కొంది. ఇసుక దగ్గర్నుంచి ఇంటర్మీడియెట్ దాకా అన్నిటికీ నియంత్రణ ఉండగా, జరిగినదానికీ జరగనిదానికీ లేకపోవడం ఏమిటన్నారు. చలనచిత్ర పరంపరల సత్యాసత్య నిర్ధారణ ప్రాధికార సంస్థ పుట్టింది. దానికో భవనం, భవనానికో లిఫ్టు, లిఫ్టుకో ప్రారంభోత్సవం జరిగాయి. అభిమానులు అభిప్రాయాలు పంపాలని ప్రకటిస్తే నాలుగు లక్షల పదకొండు వేలు వచ్చాయి. ఏ రెండూ కలవలేదు, ఒక్క విషయంలో తప్ప. నాలుగో భాగం దరిద్రమని అందరూ రాశారు. ప్రజాస్వామ్యంలో ఇంతటి ఏకాభిప్రాయం అరుదు కనుక సంస్థ వెంటనే చర్య తీసుకుంది.

ఆ చర్య నూకరత్నానికి మిరపకాయ బజ్జీల పొట్లం మీద కనిపించింది. ఆవిడ బడికెళ్ళింది రెండో తరగతి దాకానే. తక్కిన చదువంతా పొట్లాల మీదా, టిక్కెట్ల కౌంటర్లో దొరికిన నవలల మీదా సాగింది. నూనె మరకల మధ్య నుంచి ఆవిడ కూడబలుక్కుంటూ చదివింది: "కత్తిపీట నాలుగవ భాగము జరగలేదని ఇందుమూలముగా ప్రాథమికముగా నిర్ధారించడమైనది. జరగని భాగము యొక్క ప్రతులు ఏ రూపమున ఎవరి వద్ద ఉన్నను ఉపసంహరించి నిర్మూలించబడును. బాధితులెవరైన ఉన్నచో స్వయముగా హాజరై అభ్యంతరము తెలుపుకొనవచ్చును."

బజ్జీ చల్లారిపోయింది. నాలుగో భాగం ఏడో రీల్లో, బస్టాపులో, నలభై సెకన్ల పాటు ఆవిడ చెల్లెలు సత్యవేణి ఉంది. ఇంకెక్కడా లేదు. ఫొటో కూడా లేదు. ఆ రీలు కామరాజు మంచం కింద ట్రంకుపెట్టెలో ఉంది.

*

బెజవాడ ఆఫీసు వరండా నిండా అభిమానులే. సగం మంది మెళ్ళో సిబ్బులు వేలాడుతున్నాయి. నూకరత్నం సంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ అంచున కూర్చుంటే, పక్కనున్న కుర్రాయన పలకరించాడు. పేరు గోవర్ధన్. మూడో భాగం అభిమానుల సంఘానికి అధ్యక్షుడు.

"మామ్మగారూ, మీరే భాగం వాళ్ళు?"

"నాలుగండి."

ఎవరో సిబ్బి తీసి చంకలో పెట్టుకున్నారు, చావింట్లో చెప్పులు విడిచినట్టు.

"నాలుగా? అది సినిమాయేనా మామ్మగారూ? పీటలాయన పరిగెట్టాడండి అందులో. పన్నెండు భాగాల్లో ఒక్క అడుగు తొందరపడని మనిషి, బస్టాపులో ఎవరో పిల్ల వెనకాల సిబ్బి చేత్తో పట్టుకుని పరిగెట్టాడు. పరువు తీశాడు."

"అవునండి. పరిగెట్టాడు" అంది నూకరత్నం.

"చూడు నాయనా, ఆవిణ్ణి కదపకు" అన్నాడు తోడొచ్చిన కామరాజు. "నువ్వు మూడో భాగం మీద మూడొందల పేజీలు రాసుంటావు. ఆవిడకి నాలుగో భాగానికి వందసార్లు టిక్కెట్లిచ్చిన అనుభవం ఉంది."

కిటికీ దగ్గర ముకుందం అనే గుమస్తా ఫారాలు నింపుతున్నాడు. తల ఎత్తకుండా అడుగుతాడు.

"పాత్రతో బంధుత్వం?"

"అక్కనండి."

"పాత్ర పేరు?"

"పేరు లేదండి. బస్టాపులో అమ్మాయి, అంతే."

"పేరు లేకపోతే కంప్యూటరు తీసుకోదమ్మా."

"మా చెల్లి పేరు సత్యవేణండి."

ముకుందం కొట్టి చూశాడు. "ఇది తీసుకుంది. శాశ్వత చిరునామా?"

నూకరత్నం తమ ఇంటి నంబరు చెప్పింది. అది ఆవిడకి కొత్త కాదు. మూడుసార్లు జనాభా లెక్కలవాళ్ళొచ్చి ఇంట్లో ఎంతమందని అడిగితే మూడుసార్లూ ఇద్దరనే రాయించింది. రెండో మనిషేదని అడిగితే ఊరెళ్ళిందండి, వస్తది, అనేది. వాళ్ళకి ఇంకా చాలా ఇళ్ళు ఉండేవి.

లోపల, అధ్యక్షస్థానంలో చక్రధరం గారు ఆసీనులయ్యారు. ముందు నరసరావుపేట మనిషి ఒకాయన, అయిదో భాగం జరగాలి గాని అందులో పాటలు జరగకూడదని వాదించాడు. చక్రధరం గారు కళ్ళు మూసుకుని, తెరిచి, "అయిదవ భాగము పాటలు మినహా జరిగినట్లుగా భావించవలెను" అన్నారు. నరసరావుపేట ఆయన కళ్ళు తుడుచుకుంటూ బయటికి పోయాడు. తర్వాత నూకరత్నాన్ని పిలిచారు.

"అమ్మా, ఈ సంస్థ భావోద్వేగములకు అతీతమైనది. అభ్యంతరము చెల్లుబాటు కావలెనన్న, సదరు భాగము వలన మీకు కలిగిన తిరుగులేని పర్యవసానము ఒక్కటి చూపవలెను. ఏమైనా ఉన్నదా?"

"మా చెల్లి అందులో ఉందండి. నలభై సెకన్లు."

"అది ఉపస్థితి. పర్యవసానము కాదు. ఆమె ఆ చిత్రము నిమిత్తము బయల్దేరినారా?"

"మెడ్రాసెళ్ళిందండి. సంచీ నేనే సర్దాను."

"తిరిగి వచ్చినారా?"

నూకరత్నం సంచీ పట్టుకున్న చేతిని మార్చుకుంది. కామరాజు ఆవిడ వంక చూశాడు. రాలేదు అన్నది చిన్న మాటే. నలభై ఏళ్ళలో ఆవిడ నోట అది వినలేదు ఎవరూ. వాళ్ళ నాన్న రెండుసార్లు మెడ్రాసు పోయొచ్చాడు. రైలెక్కించేశామన్నారు సినిమా కంపెనీ వాళ్ళు. ఏ రైలంటే, ఊళ్ళకెళ్ళే రైలన్నారు. ఆయన ఆ మాట ఇంటికొచ్చి చెబుతుంటే కూడా నూకరత్నం వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"వస్తదండి" అంది.

చక్రధరం గారి ముఖం విప్పారింది. "రానున్నారన్నమాట. అనగా పర్యవసానము తిరుగులేనిది కాదు. అభ్యంతరము త్రోసిపుచ్చడమైనది. అయితే అమ్మా, సంస్థ ఒక చేత తీసుకుని మరొక చేత ఇచ్చును. నాలుగవ భాగము జరగలేదు కనుక అందు హతులైన పదకొండుమందీ హతులు కాలేదు. వారికి సజీవ ధ్రువపత్రములు జారీ చేయుచున్నాము. మీకూ ఒకటి ఉన్నది."

ముకుందం తెచ్చి ఇచ్చాడు. గుండ్రటి ముద్ర ఇంకా తడిగా ఉంది. బస్టాపు అమ్మాయికి పేరు లేదు కాబట్టి, ఫారంలో ఉన్న పేరే దాని మీదకి ఎక్కింది.

"నాలుగవ భాగము జరగనందున అందు పాల్గొనుటకై కుమారి సత్యవేణి బయల్దేరుట జరగలేదు. కత్తిపీట వాతబడుట జరగలేదు. సదరు కుమారి తన శాశ్వత చిరునామాయందు క్షేమముగా నివసించుచున్నది."

రైల్లో నూకరత్నం ఆ కాగితం నాలుగుసార్లు చదువుకుంది. తుని దాటిపోతామేమోనన్న భయంతో సామర్లకోట ఎప్పుడొస్తుందని ప్రతి స్టేషన్లోనూ అడిగే మనిషి, ఆ రోజు సామర్లకోట వచ్చినా లేవలేదు. కామరాజే సంచీ అందుకుని దింపాడు.

ఇంటికొచ్చి, సంచీలో గ్లాసు తీసి కడిగి, గూట్లో రెండోదాని పక్కన బోర్లించింది. మర్నాడు కామరాజు పలకరించడానికొచ్చేసరికి పొయ్యి మీద గిన్నె కాస్త పెద్దది ఉంది.

"ఏటండి ఇది? సర్కారు రాసిచ్చిందని ఇద్దరికి వండుతున్నారా?"

"నలభై ఏళ్ళయింది రాజు గారూ. ఉందని ఒక్కళ్ళు కూడా కాయితం మీద రాసివ్వలేదు."

కామరాజు పీట లాక్కుని కూర్చుని, ఆ రెండో మనిషి అన్నం తనే తిన్నాడు.

*

పదహారో రోజు పొద్దున జీపు వచ్చింది. అందులోంచి ముకుందం దిగాడు. ఆయన ఇప్పుడు గుమస్తా కాదు, క్షేత్ర పరిశీలకుడు. ఆయన వెనక, ఉపసంహరణకి స్వచ్ఛంద సాక్షిగా గోవర్ధన్ దిగాడు. నాలుగో భాగం నిర్మూలనకి సాక్షులు కావాలంటే పద్దెనిమిది వేల మంది అభిమానులు పేర్లిచ్చారట. చీటీలు తీశారట.

"రెండు పనులమ్మా" అన్నాడు ముకుందం అరుగు మీద కూర్చుని. "ఒకటి, ధ్రువీకరించిన వ్యక్తిని కళ్ళారా చూసి టిక్కు పెట్టడం. రెండు, విజయదుర్గా టాకీసు లెక్కల్లో తేలిన రీలు స్వాధీనం చేసుకోవడం. ముందు సత్యవేణి గారిని పిలవండి."

"లేదండి."

"కాయితం ప్రకారం ఉన్నారు."

"ఊరెళ్ళిందండి."

"వెళ్ళడం జరగలేదని సంస్థ తేల్చిందమ్మా. వెళ్ళని మనిషి ఎలా లేకుండా ఉంటారు? ఉన్న మనిషిని చూపించకపోతే దాచినట్టు లెక్క. దానికి వేరే సెక్షనుంది." ఆయన గొంతు తగ్గించాడు. "నా మాట విని ఎవరో ఒకళ్ళని నిలబెట్టండి. నేను టిక్కు పెట్టుకుని పోతాను. నిన్న తణుకులో ఓ ఇంట్లో మూడో భాగంలో చచ్చిపోయిన పోలీసాయన కింద పాలవాణ్ణి నిలబెట్టారు. చక్కగా సెల్యూట్ కూడా చేశాడు."

"మూడో భాగం కూడా తీసేశారా?" అన్నాడు గోవర్ధన్, పాలిపోయి.

"సగం. పోలీసులు చచ్చినంత మేర."

అంతలో కామరాజు ట్రంకుపెట్టె మోసుకొచ్చాడు. డబ్బా మూత తీసి, రీలు కొస పట్టుకుని, అరుగు చివర ఎండకి ఎత్తి పట్టుకున్నాడు.

"తీసుకెళ్ళేవాళ్ళు ఏం తీసుకెళ్తున్నారో చూసి తీసుకెళ్ళండి" అన్నాడు.

గోవర్ధన్ వంగి చూశాడు. గోరంత గళ్ళల్లో ఒక అమ్మాయి. జడ గాల్లో ఉంది. చేతిలో సంచీ ఉంది. వెనకాల, ఒక చేత్తో సిబ్బి పట్టుకుని, ఇంకో చంకలో కత్తిపీటతో, నోరు తెరుచుకుని పరుగెత్తుతున్న పీటలాయన.

"ఆయన సిబ్బి చేత్తో ఎందుకు పట్టుకున్నాడో మాకిప్పటికీ తెలీదు మామ్మగారూ. సంఘంలో రెండు వర్గాలైపోయాం. ఒకళ్ళు స్టైలంటారు, ఒకళ్ళు ప్రతీకంటారు."

నూకరత్నం లోపలికి వెళ్ళి, దేవుడి పటం వెనక నుంచి సత్యవేణి మెడ్రాసు నుంచి రాసిన కార్డు తెచ్చింది. గోవర్ధన్ చేతికివ్వకుండా, తనే పట్టుకుని చదివింది.

"అక్కా, నన్ను నిదానంగా నడవమన్నారు. బస్సు కదిలిపోతుంటే నిదానంగా ఎవరు నడుస్తారే? నేను పరిగెత్తాను. వెనకాల ఆ ముసలాయన నన్నందుకోలేక పరిగెత్తాడు, పాపం సిబ్బి తాడు తెగిపోయింది. డైరెక్టరు తిట్టి, మళ్ళీ తీయడానికి వెలుతురు లేదని ఉంచేశాడు. నాకొక మాట ఇచ్చారు. ఇప్పుడే వస్తాను అనాలి. బాగా అన్నానన్నారు. శనివారానికి వచ్చేస్తాను."

జీపు డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"అయితే తప్పు పీటలాయనది కాదు" అన్నాడు గోవర్ధన్ మెల్లగా. "ఆ అమ్మాయి ఆయన దగ్గరికి రాలేదు. పదమూడు భాగాల్లో పారిపోవాలని చూసింది ఈవిడొక్కతే." ముకుందం వైపు తిరిగాడు. "సార్, నా అభిప్రాయం మార్చుకోవచ్చా?"

"అభిప్రాయాల గడువు అయిపోయింది."

"నాలుగు లక్షల మందికి ఈ సంగతి తెలిస్తే..."

"తెలియడానికి కూడా గడువు అయిపోయింది బాబూ. మిగిలింది అభ్యంతరాల మీద పునఃపరిశీలన. అది ఈ సాయంత్రంతో సరి." ముకుందం సంచీలోంచి ఓ ఫారం తీసి అరుగు మీద పెట్టాడు. ఆయన మరీ చెడ్డవాడు కాదు. ఫారాలు లేని చోట ఏం చేయాలో తెలీదు, అంతే. "ఈవిడ అభ్యంతరం కొట్టేసింది పర్యవసానం చూపించలేదనే. చూపిస్తే నాలుగో భాగం జరిగినట్టే. రీలు ఉంటుంది. ధ్రువపత్రం మాత్రం వెనక్కిచ్చేయాలి. రెండూ ఉండవమ్మా. మనిషి ఇంట్లో ఉంటే సినిమా జరగలేదు, సినిమా జరిగితే మనిషి ఇంట్లో లేదు. ఏదో ఒకటి చెప్పండి."

నూకరత్నం ఫారం చూసింది. రెండే గళ్ళు. ఎవరు తిరిగి రాలేదు. ఎప్పటి నుంచి.

"రత్నం గారూ" అన్నాడు కామరాజు, "మీరు రాయలేకపోతే నేను రాస్తాను. మీరు వేలిముద్రేయండి."

"నాకు రాయడం వచ్చండి" అందావిడ. "పొట్లాల మీద నేర్చుకున్నాను."

లేచి లోపలికి వెళ్ళింది. గూట్లో గ్లాసు మోగిన చప్పుడైంది. ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ముకుందానికిచ్చి, ధ్రువపత్రం మడతలు విప్పి, చేత్తో చదును చేసి, ఆయన ఒళ్ళో పెట్టింది. పెన్ను అడిగింది. రాస్తే దారి మూసుకుపోతుందేమోనని ఒకసారి వీధి చివరిదాకా చూసింది. వీధిలో ఎవరూ లేరు.

తర్వాత, అక్షరం అక్షరం విడివిడిగా, గళ్ళు దాటకుండా రాసింది.

మా చెల్లెలు సత్యవేణి. 1986 జూన్ 12, గురువారం పొద్దున్న సంచీ పుచ్చుకుని వెళ్ళింది. తిరిగి రాలేదు.